పాయ మీద నీలిమంచు

ఈ సంగతి నాకు ఎవరు చెప్పారో ఇప్పుడు స్థిరంగా చెప్పలేను. దర్గా మెట్ల మీద కూర్చుని విన్నట్టు జ్ఞాపకం. ఆ దర్గాకు అసలు మెట్లే లేవని ఈ మధ్య ఒక మిత్రుడు అన్నాడు. అయినా ఆ రాతి చల్లదనం నాకింకా తెలుస్తూనే ఉంది. కనుక దీన్ని సగం జ్ఞాపకంగా, సగం కలగా తీసుకోవాలని మనవి.

బందరుకు దిగువన, సముద్రం పాయలు పాయలుగా చీలి నేలలోకి వచ్చే చోట, ఆ దర్గాలో హుస్సేనీ బాబా అనే ఫకీరు ఉండేవారు. ఆయన శిష్యుడు కాలేషా. దర్గా వెనుక ఒక సన్నని పాయ, ఆ పాయ చివర మడ అడవి. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఆ పాయ వెంట లోపలికి పోయి, మడచెట్ల వేళ్లను తడిపి, పాటుతో తిరిగి వెళ్లేది.

కొన్నేళ్లుగా పాయ గట్లను సర్కారు తుమ్మ ఆక్రమించింది. అక్కడ దాన్ని ఎవరూ నాటలేదు. మేకల కడుపులో గింజగా వచ్చిందంటారు. కొమ్మలు నీటి మీదికి వాలి, ముళ్లకు చెత్త చిక్కుకుని, చెత్తకు బురద పట్టి, పాయ పూడుకుపోతోంది. కాలేషా దాన్ని నరికాడు. నరికిన మొద్దు నుంచి గుత్తులుగా పిలకలు లేచాయి. మళ్లీ నరికాడు. మళ్లీ లేచాయి.

"ఏమయ్యా కాలేషా, దానికి క్షవరం చేస్తున్నావా ఏం? గీసినకొద్దీ ఒత్తుగా వస్తోంది!" అంది బంగారమ్మ పడవలోంచే. ఆ పాయలో పీతలు పట్టి బతికే మనిషి ఆమె. అంతలోనే నవ్వు ఆపి, "పోటు నీరు రాక మడ ఎండుతోంది. మడ పోతే పీత పోతుంది. పీత పోయాక నేను మాత్రం ఈ ఊళ్లో ఏం చూసుకుని ఉండను?" అంది.

ఆ రాత్రి కాలేషాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పట్నం వెళ్లి కలుపుమందు, వీపుకు తగిలించుకునే పిచికారీ ట్యాంకు తెచ్చాడు. బాబా ఒప్పుకోరని అతని భయం. చెట్టుకూ ప్రాణముందంటారు, కరుణ అంటారు. దానికి ఏమని బదులివ్వాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు.

బాబా మందు డబ్బాను చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"మంచిది. ఆ తుమ్మ చావవలసిందే," అన్నారు.

కూర్చుకున్న మాటలన్నీ కాలేషా నోట్లోనే ఉండిపోయాయి.

"ఎప్పుడు కొడతావు?"

"తెల్లవారుజామున, బాబా. అప్పుడు గాలి ఉండదు."

"ట్యాంకు నేను కలిపి పెడతాను. నువ్వు పడుకో."

ఇంకా రంగులు పుట్టని వేళ అది. నీరూ గట్టూ ఆకాశమూ ఒకే బూడిద వన్నెలో ఉన్నాయి. కాలేషా ట్యాంకు ఎత్తుకుని గట్టు వెంట నడిచాడు. పిడి నొక్కినప్పుడల్లా ఒక నామం జపించాడు. సన్నని తుంపర పొగమంచులో కలిసి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియలేదు. గాలి లేదు, ఉన్నా, నిద్రపోతున్నవాడి ఊపిరంత. నడుస్తున్నది తానో, గట్టే తన కాళ్ల కింద వెనక్కి జారుతోందో తెలియని హాయి. జీవితంలో తొలిసారి, లోపమేమీ లేని మంచిపని ఒకటి చేస్తున్నట్టు తోచింది అతనికి.

సూర్యుడు వచ్చాడు.

తుమ్మ నీలంగా ఉంది. తుమ్మ కింద ఆ ఏడే మొలిచిన మడ మొక్కల లేత ఆకులు నీలంగా ఉన్నాయి. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చి గాలి పీల్చుకునే మడ వేళ్లు నీలంగా ఉన్నాయి. ఒక పీత నీలి వీపుతో బొరియలోకి దిగిపోయింది. పాటుకు తీస్తున్న నీటిలో ఒక నీలి చార సముద్రం వైపు నెమ్మదిగా సాగిపోతోంది.

అవతలి గట్టున పడవ కడుతున్న బంగారమ్మ చెంప తుడుచుకుని, చెయ్యి చూసుకుంది.

"ఏమయ్యోయ్! ఈ వయసులో నాతో వసంతాలాడుతున్నావా?"

కాలేషా తన పెదవులు తడుముకున్నాడు. వేలు నీలమైంది.

ఫకీరు కాకముందు బాబా బందరు అద్దకాల్లో రంగుపని చేసేవారు. ఆయన ట్యాంకులో కలిపింది బట్టలకు వేసే నీలిరంగు. కలుపుమందు డబ్బా మూత విప్పకుండా దర్గా గుమ్మం దగ్గరే ఉంది.

కాలేషా వచ్చి ఆ డబ్బా పక్కన కూర్చున్నాడు. బాబా లోపలికి వెళ్లి, ఒక వెదురు కలం తెచ్చి అతని చేతిలో పెట్టారు. కొనకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం. గీత దాటకుండా రంగు నింపడానికి అద్దకంవాళ్లు వాడేది.

నీరు తీసి గట్టు ఆరాక, మొదటి తుమ్మ దగ్గరికి వెళ్లారు. రంగు సంగతి తేల్చుకోవడానికి బంగారమ్మ కూడా వచ్చింది. రెండు పిడుల రంపంతో కాలేషా ఒక్కడే తంటాలు పడి చెట్టును మొదలంటా కోశాడు. కోసిన చోటు తడి ఆరకముందే, బెరడుకూ చెక్కకూ నడుమనున్న సన్నని పచ్చి అంచు మీద మాత్రం కలంతో మందు అద్దమన్నారు బాబా. కాలేషా కలం మందులో ముంచాడు. కలం కొనలో ఒక చుక్క నిలిచింది, కింద పడలేదు. అంచు చుట్టూ తడి గీత పూర్తయింది.

అతను తలెత్తి గట్టు పొడుగునా చూశాడు. చూపు ఆనినంత మేరా తుమ్మే.

"బాబా, ఇలా ఒక్కొక్కటే అయితే ఎప్పటికి?"

"అన్నిటినీ చంపడం తేలిక, నాయనా," అన్నారు బాబా. "ఒక్కదాన్నే చంపడం నేర్చుకో."

బంగారమ్మ ఆ మొద్దు వైపు, పూడిన పాయ వైపు చూసింది.

"అప్పటిదాకా నా పీత ఆగుతుందా, సాయిబూ?"

బాబా వంగి పక్క తుమ్మ మొదట్లో పేరుకున్న చెత్త తీయసాగారు. ఆమె చీర చెంగు నడుముకు దోపుకుని, రంపం రెండో పిడి పట్టుకుంది.

"పట్టవయ్యా, చూస్తావేం?"

ఇది చదివినవారిలో కొందరు ఆ మందు పేరేమిటని, ఎంత నీటికి ఎంత కలపాలని అడుగుతారు. ఆ రెండూ నాకు చెప్పారు. కావాలనే రాయలేదు.