అసిరమ్మ అడ్డపొగ

శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున ఒక పల్లెలో చేపలమ్ముకునే అసిరమ్మ ఉండేది, ఎవరేం చెప్పినా అడ్డం తిరగడమే ఆమెకున్న తెగులు. వద్దన్న పని చేసి తీరేది. అక్కడి ఆడవాళ్లు చాలామందిలాగే ఆమె అడ్డపొగ కాల్చేది. అంటే, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా తిప్పి పెట్టుకునేవారు. గాలి నుంచి నిప్పును కాపాడుకున్నారు గానీ, నిప్పు నుంచి నోటిని కాపాడుకోవాలని ఎవరికీ తట్టలేదు.

ఒకనాడు పులుసు ముద్ద నోట్లో పెట్టగానే అసిరమ్మ అంగిలి భగ్గుమంది. కోడలు రాజులు ఆమెను బలవంతాన ఆస్పత్రికి తీసుకువెళ్లింది. డాక్టరమ్మ అంగిలి మీది తెల్లమచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించింది. ఇంకా క్యాన్సర్ కాలేదని, చుట్ట మానకపోతే అయ్యే ప్రమాదం ఉందని చెప్పింది. అసిరమ్మ తోటికోడలు గురమ్మకు ఇలాగే మొదలై, చివరికి అంగిలి కోసి తీసేశారు. ఇప్పుడు ఆమె తాగిన నీళ్లు ముక్కులోంచి కారతాయి. అసిరమ్మకు భయం వేసింది. కానీ భయం వేసిందని ఒప్పుకుంటే ఆమె అసిరమ్మ ఎందుకవుతుంది?

"నా నోరు, నా సుట్ట. నానెవుల మాటా ఇనను. సుట్ట మాననేక కాదు, నాకిట్టం నేక ఒగ్గను," అంది.

రాజులుకు అత్త సంగతి బాగా తెలుసు. "అయితే రేపు పొద్దున్నదాకా ఒగ్గీసి సూపించత్తా," అంది.

మీసం ఉంటే అసిరమ్మ మెలేసేదే. ఇంట్లో ఉన్న చుట్టలన్నీ కోడలి చేతిలో పెట్టి ఒడ్డుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి చుట్ట కోసం నోరు పీకడం మొదలైంది. కనిపించిన వాళ్లందరి మీదా విరుచుకుపడింది. ఆ వేళకి ఒడ్డున చుట్టలున్నది ఆమెకు వరసకు బావయ్యే దాలయ్య దగ్గర మాత్రమే. తమ వల కోశాడని అతని మొహం చూడనని ఆమె ఏనాడో ఒట్టేసుకుంది. ఊరి పెద్దలు రాజీకి పిలిచినా వెళ్లలేదు. అలాంటిది ఆమె కాళ్లు వాటంతట అవే అతని దగ్గరికి నడిచాయి. "ఒక్క సుట్టియ్యి బావా," అని చెయ్యి చాచింది.

దాలయ్య తెల్లబోయాడు. చుట్ట తీసిస్తూ, "పెద్దలు సెప్తే ఇన్నేదు, దీని మాట మాత్తరం ఇన్నావు," అన్నాడు.

అసిరమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఎవరికీ తలవంచని తాను వేలెడంత పొగాకుకు దండం పెడుతోందని అర్థమైంది. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది. ఆ చుట్టను నలిపి ఇసుకలో వేసి కాలితో తొక్కింది.

"ఏటే, నాకే పనులు సెప్తావేటి? నువ్వెంత, నీ బతుకెంత?" అంది చుట్టతో.

మానడం తేలికేమీ కాలేదు. నోరు పీకినప్పుడల్లా బేరగాళ్లను తిట్టినట్టు చుట్టను తిట్టి, డాక్టరమ్మ ఇచ్చిన మందు వేసుకునేది. నెలలు గడిచేసరికి తెల్లమచ్చ చాలావరకు తగ్గింది. పరీక్షకు మాత్రం ఇప్పటికీ వెళ్తూనే ఉంది. పల్లెలో ఏ అమ్మాయి చుట్ట తిప్పి పెట్టుకున్నా లాక్కుని సముద్రంలోకి విసిరేస్తుంది, ఆ అమ్మాయి అత్త ఎంత గోల చేసినా లెక్కచెయ్యదు.

నీతి: మొండితనాన్ని మన మేలు కోరేవారి మీద కాదు, మనల్ని లోపలినుంచి కాల్చేసే అలవాటు మీద చూపించాలి.