రాగిరేకు మీది తేదీ

కుమ్మరి ఓబుళమ్మ రెండు వందల కాగులు బండ్లకెక్కించి కోటకు తెచ్చేసరికి అధికారి మాచిరాజు మండిపడ్డాడు. ఆయన ఉగాదికి ఉత్తర సీమ నుంచి వచ్చినవాడు.

"రెండు నెలల ఆలస్యం! నువ్వు కుండలు చేసే సారె జప్తు."

సారె పోతే కుమ్మరికి ఇంకేముంది? ఓబుళమ్మ కొంగుముడి విప్పి చీటీ తీసింది.

"అయ్యా, కోటవారి చీటీలో గడువు 5-7 అనుంది. ఇవాళ ఏడో నెల అయిదో రోజేగా?"

"మా సీమలో ముందు నెల, తర్వాతే రోజు. ఇక్కడా అలాగే చదవాలని నిన్ననే చాటింపు వేయించాను. ఇది అయిదో నెల ఏడో రోజు!"

"పాత రాతలకు కూడానా?"

"రాత ఏదైనా, ఎవరిదైనా!"

ఆయన వెనక గోడకు రాజముద్ర వేసిన రాగిరేకు వేలాడుతోంది. అది ఆయన నియామక పత్రం. అందరికీ కనపడాలని ఆయనే తగిలించుకున్నాడు. ఓబుళమ్మ దాన్ని నిదానంగా చదివింది.

"మీ అధికారం 3-10 వరకేనని ఉందండీ. మీ లెక్కన అది మూడో నెల పదో రోజుకే అయిపోయింది. ఇంక నా సారె జప్తు చెయ్యడానికి మీరెవరు?"

విసనకర్ర విసురుతున్న భటుడు టక్కున ఆపేశాడు.

మాచిరాజుకు చెమటలు పట్టాయి. "ముందు రోజే! ఎప్పటిలాగే ముందు రోజే! కాగులు సమయానికే వచ్చాయి, దింపించండి."

ఓబుళమ్మ హమ్మయ్య అనుకుని చేతులు జోడించింది. "చల్లగా ఉండండి బాబూ. మీ ఉద్యోగమూ సమయానికే తిరిగొచ్చింది."

అప్పటిగ్గానీ భటుడు మళ్లీ విసనకర్ర ఎత్తలేదు.