ఎలమంచిలి దగ్గర ఆపిన కారు

బండి కదులుతుండగా ఎవరేం అడిగినా నూకరాజు మాస్టారు జవాబు చెప్పేవారు కారు. అనకాపల్లిలో ముప్పయ్యేళ్లపాటు డ్రైవింగు నేర్పిన మనిషాయన. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు లైసెన్సు చేతికొచ్చాక కూడా ఏదో ఒక సందేహం పట్టుకుని వస్తూనే ఉండేవారు. వాళ్లని కూర్చోబెట్టి చెప్పడం ఆయనకు చేతకాదు. బండి తీయించి ఎక్కడికో తీసుకెళ్లేవారు.

ఒక ఆదివారం పొద్దున్నే హైమావతి వచ్చింది. విశాఖ ఓడరేవులో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. ఒక్క పెట్టె తేడా వచ్చినా సంతకం పెట్టదని పేరు. భర్త పోయి ఆరేళ్లయింది. కిందటేడు హైదరాబాదు నుంచి బదిలీ అయినప్పుడు, చదువు మధ్యలో చెడగొట్టడమెందుకని ఆడపిల్లలిద్దరినీ అక్కడే తన అక్క దగ్గర ఉంచి వచ్చింది. నెలకు రెండుసార్లు ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం తనే నడుపుకుంటూ వెళ్లి చూసి వస్తుంది. వెళ్లేది మామూలు కారులో కూడా కాదు. ఎన్నాళ్లుగానో మనసుపడి, నలభై నాలుగో ఏట సెకండ్ హ్యాండులో కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్సు కారు. నేలకు జానెడు ఎత్తు ఉండదు. స్టెప్నీ లేదు, దాని బదులు పంక్చరు మందు సీసా ఒకటుంటుంది. పిల్లల్ని అంత దూరాన ఉంచి ఇలాంటి బండిలో తిరగడం తప్పేమోనని ఆమెకు అనిపించని రోజు లేదు.

"మాస్టారూ, దారిలో బండి చెడిపోతే వచ్చి ఆదుకుంటామని మూడు కంపెనీలు మూడు పథకాలు పంపాయి. ఒక్కోటీ నాలుగుసార్లు చదివాను. ఏది తీసుకుంటే పిల్లల దగ్గరికి తప్పకుండా చేరతానో చెప్పండి" అంది. పోయిన నెల కోదాడ దాటాక టైరు చిరిగి ఐదు గంటలు రోడ్డు మీద ఉండిపోయిందట. అప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదట.

ఆమె తెచ్చిన పథకాల పుస్తకాలు మాస్టారు తిరగేశారు. ప్రతి పేజీలోనూ ఆమె గీసిన ఎర్రగీతలే.

"టిఫిను తిన్నావా?"

"లేదండీ."

"పద, ఎలమంచిలిలో తిందాం."

ఆయన కారులోకి వంగి, తల తగిలించుకుని, ఎలాగో సర్దుకుని కూర్చున్నారు. "ఇదేటమ్మా, బండెక్కినట్టు లేదు. గోతిలో దిగినట్టుంది" అన్నారు. ఆ తర్వాత ఇరవై కిలోమీటర్లు నోరు విప్పలేదు. ఎలమంచిలి ఇంకా రాకముందే, లారీలు ఆపుకునే చోట ఆపమన్నారు.

"ఏమైందండీ?"

"బండి చెడిపోయింది."

"బాగానే ఉంది కదండీ!"

"చెడిపోయిందనుకో. ఆ ముగ్గురికీ ఫోను చెయ్యి."

హైమావతి మొదటి నంబరుకు చేసింది. "నమస్తే అండీ. నా కారు చెడిపోలేదు. చెడిపోతే ఏం చేస్తారో కనుక్కుందామని చేశాను" అంది. "చెడిపోయాక చేయండి మేడం" అని అవతలి అమ్మాయి పెట్టేసింది.

మాస్టారికి నవ్వొచ్చింది. "చెడిపోయిందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయిందమ్మా?"

"అబద్ధం ఎలా చెప్పనండీ? పాపం, ఎవరో నిజంగానే బయల్దేరి వచ్చేస్తారు."

రెండో కంపెనీ అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. నలభై నిమిషాల్లో వచ్చి, కొక్కెం తగిలించి, దగ్గర్లో ఏ షెడ్డుంటే అక్కడికి ఈడ్చుకెళ్తామన్నాడు. ఇంత కిందికున్న కారుకు కొక్కెం వేస్తే ముందు బంపరు ఊడి చేతికొస్తుందని ఆమెకు కోదాడ దగ్గరే తెలిసింది.

మూడో నంబరులో పెద్దాయన గొంతు పలికింది. "ఎక్కడ ఆపారమ్మా? ముందు మీరు దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. తర్వాత మాట్లాడుకుందాం."

"బండి చెడిపోలేదండీ, ఊరికే..."

"చెడిపోకపోయినా దిగండి. హైవే పక్కన కార్లో కూర్చోకూడదు."

ఇద్దరూ దిగారు. ఏ కారో అడిగి తెలుసుకుని, "దానికి కొక్కెం పనికిరాదమ్మా. వెనక చదునుగా బల్లలా ఉండే లారీ మీద ఎక్కించాలి. అవి మా దగ్గర తక్కువ. రెండు గంటలు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. ముందే చెప్తున్నా" అన్నాడాయన.

ఫోను పెట్టేశాక ఆమె మొహం చిన్నబోయింది. "మూడు గంటలట మాస్టారూ! పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు కదా!"

ఆయన ఏదో అనేలోగా ఫోను మోగింది. పెద్దకూతురు మేఖల. పదమూడేళ్ల పిల్ల.

"ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లోనే ఉన్నానురా" అంది హైమావతి, ఊపిరి తీసుకున్నంత సులువుగా. పక్కనుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారను కొడుతూ పోయింది.

"మనింట్లోకి లారీ వచ్చిందా?"

"టీవీలో..."

"కోదాడ దగ్గర కూడా ఇంతే. ఇంకో అరగంట, ఇంకో అరగంట అంటూ సాయంత్రం చేశావు. చెల్లి కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంది. నీకు యాక్సిడెంటయింది, ఎవరూ మాకు చెప్పడం లేదు అనుకున్నాను. బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఇప్పుడు నువ్వేం చెప్పినా నమ్మబుద్ధి కాదమ్మా."

హైమావతి మాస్టారి వైపు చూసింది. ఆయన అటు తిరిగి చెరుకు తోట చూస్తున్నారు.

"ఇంట్లో లేనురా. ఎలమంచిలి దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాను. కారు బాగానే ఉంది. మాస్టారు తోడున్నారు" అంది. "ఆరోజు టైరు చిరిగిపోయింది మేఖలా. నాకూ భయమేసింది. మీరు కంగారు పడతారని చెప్పలేదు."

"అయిదు గంటలని చెప్తే అయిదు గంటలు ఆగేవాళ్లం కదా. అన్నం తినేసి ఆగేవాళ్లం." మేఖల ముక్కు ఎగబీల్చింది. తర్వాత పెద్దమనిషిలా అడిగింది: "నీడలోనే నిలబడ్డావా?"

"లేదురా."

"పక్కకి జరుగు మరి. మంచినీళ్లు తాగు."

హైమావతి జరిగింది. నీళ్లు కూడా తాగింది. ఆ పిల్ల ఇంకేదో చెబుతుంటే ఊఁ కొడుతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. మాస్టారికి ఆకలి దంచేస్తున్నా తొందరపెట్టలేదు.

తిరిగి కారెక్కాక, తాళం తిప్పబోయి ఆగింది. "మూడోది తీసుకోనా మాస్టారూ?"

"తీసుకో తల్లీ" అన్నారు నూకరాజు మాస్టారు. "బండి సంగతి వాళ్లు చూసుకుంటారు. ఎంత ఆలస్యమో పిల్లలకి నువ్వు చెప్పు."