బస్సు ఆపని కూర్మారావు

పాలకొండలో కూర్మారావు అనే రిటైరయిన బస్సు కండక్టరు ఉండేవాడు, మనిషి మంచివాడే గాని, ఒంట్లో ఎంత బాధగా ఉన్నా "నాకేటయింది? రాయిలాగున్నాను" అనడం తప్ప మరో మాట ఎరగడు.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అతను డ్యూటీ ఎక్కితే గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. నీళ్ళు తాగితే మధ్యలో దిగాలి, దిగాలంటే బస్సు ఆగాలి. "నా కోసం బస్సు ఒక్కనాడూ ఆగనేదు" అని అరుగు మీద కూర్చుని గొప్పలు చెప్పుకొనేవాడు. పాపం, ప్రయాణికులు బతిమాలినా ఆపనిచ్చేవాడు కాదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఒకసారి అతనికి విరేచనంలో రక్తం కనిపించింది. రెండు నెలలు దాచాడు. భార్య సూరమ్మ కనిపెట్టి, ఏడ్చి, దెబ్బలాడి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పెద్దపేగులోకి గొట్టం పంపి చూడాలన్నారు. ఆ పరీక్ష చేసే డాక్టరు నెలకు ఒక్కరోజే వస్తాడు. ముందురోజు సాయంత్రం పేగు శుభ్రపడే మందు తాగాలి. ఒంట్లోంచి పోయిన నీరు తిరిగి చేరడానికి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగాలి.

కూర్మారావు మందు తాగాడు. పదిసార్లు పెరట్లోకి తిరిగాడు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి పాత బుద్ధి అడ్డొచ్చింది. తెల్లారితే బస్సు ప్రయాణం కదా! సూరమ్మ చెంబు నింపి ఇస్తూనే ఉంది, ఇతను మల్లెపాదులో పోస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు ఎస్తేరు అడిగింది. "నీళ్ళు బాగా తాగారా బాబాయ్? కళ్ళు తిరుగుతున్నాయా? నీరసంగా ఉంటే చెప్పండి, ముందే సెలైన్ పెడతాను."

కూర్మారావు నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. అయినా, "ఎనిమిది గ్లాసులూ తాగీసానమ్మా. సెలైన్ నీరసమున్నోళ్ళకి పెట్టు. నేను రాయిలాగున్నాను" అన్నాడు.

ఎస్తేరుకు ఆ ఎండిన పెదాలు చూసి అనుమానమొచ్చింది. బీపీ మిషను తేవడానికి వెళ్ళింది. ఈలోగా అతని పేరు పిలిచారు. కూర్మారావు గబుక్కున లేచి రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు. రాయి కాస్తా నేలమీద కూలబడింది.

డాక్టరు వచ్చి చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. "ఎనిమిది గ్లాసులు తాగిన మనిషి ఇలా పడిపోవడమేమిటి? లోపల రక్తం పోతోందో, గుండెలోనే ఏమైనా ఉందో. ఇవాళ పరీక్ష వద్దు, విశాఖపట్నం పంపిద్దాం" అన్నాడు.

సూరమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. "ఓలమ్మో, ఇంక నేనేటి సేసేది?" అంది. కూర్మారావుకి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

"డాక్టరుబాబూ, ఒక్క గ్లాసూ తాగనేదు. మల్లెపాదుకి పోసీసాను. అబద్ధమాడాను" అన్నాడు.

సూరమ్మ కళ్ళు తుడుచుకుని, "ఇంటికి రా, నీ పని సెప్తాను" అంది.

"ఈ మాట ఇందాకే చెప్పి ఉంటే బాగుండేది బాబాయ్" అంటూ ఎస్తేరు సెలైన్ తగిలించబోయింది. ఒంట్లో నీరు లేక నరాలు కనిపించలేదు. మూడో పోటుకి గాని సూది సరిగా దిగలేదు. రెండు సీసాలు ఎక్కేసరికి బీపీ దారికొచ్చింది, మొహం తేటపడింది. అందరికన్నా ఆఖర్న అతనికి పరీక్ష చేశారు. పేగులో చిన్న కాయలాంటి కణితి ఉంటే అక్కడికక్కడే తీసేశారు. "ఇంకా దాచి ఉంటే పెరిగిపోయేది. ఇప్పుడు భయం లేదు" అన్నాడు డాక్టరు.

సాయంత్రం బస్సులో సూరమ్మ దగ్గరుండి సీసాడు నీళ్ళు తాగించింది. సగం దారిలో కూర్మారావు సీట్లో అటూ ఇటూ కదిలాడు. పళ్ళు బిగించాడు. చివరికి చెయ్యెత్తి, "తమ్మూ, బస్సు కాసేపు ఆపు. నా కోసమే" అన్నాడు కండక్టరుతో.

బస్సు ఆగింది. అతని వెనకే మరో ఐదుగురు దిగారు. ఒక ముసలమ్మ అతన్ని చూసి, "నీ నోరు సల్లగుండ నాయనా, ఇందాకటి నుంచీ ఉగ్గబట్టుకుని కూకున్నాను" అంది.

తన బస్సులో ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది అలా ఉగ్గబట్టుకున్నారో కూర్మారావుకి అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి అతను అరుగు మీద ఆ గొప్ప చెప్పుకోలేదు.

నీతి: ఉన్న బాధను లేదనడం ధైర్యం కాదు, అడిగినవారికి నిజం చెబితేనే సాయం వేళకు అందుతుంది.