పడుగుపేట భిక్ష

నిర్మలానందులవారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు దొరకదు. "జోలె తీసుకో" అంటారు. ఆ సంగతి తెలిసీ శిష్యుడు కామేశుడు ఆ ఉదయం ఉత్సాహంగా వచ్చాడు. నిజానికి అతను వచ్చింది ప్రశ్న కోసం కాదు, మెప్పు కోసం.

పడుగుపేట చివర ఊరుమ్మడి బంజరుంది. దాన్ని ఇళ్ళ స్థలాలుగా పంచాలా, మామిడితోట వేయాలా అన్నది ఊరిపెద్ద ఓబన్న తేల్చుకోలేక ఆశ్రమం మాటకు వదిలేశాడు. గురువు విచారించి రమ్మంటే కామేశుడు గడప గడపా తొక్కి, "ఈ ఇల్లు మీదేనా?" అని అడిగి వచ్చాడు.

"స్వామీ, వెనకటి రోజుల్లో ఊళ్ళో సగంమంది అద్దె కొంపల్లో ఉండేవారట. ఇప్పుడు పదింట తొమ్మిది సొంత ఇళ్ళే. ఇల్లు అందరికీ అందినట్టే కదా? తోటే వేసుకోమందామా?"

మామిడిపండంటే అతనికి ప్రాణమని ఆశ్రమంలో తెలియనివారు లేరు. గురువు నవ్వి, "జోలె తీసుకో" అన్నారు.

పడుగుపేట నేతగాళ్ళు భిక్షను ఇంటికింతని వేయరు, పొయ్యికింతని వేస్తారు. వేరు కుంపటి పెట్టుకున్న ప్రతి ఇల్లాలూ తన దోసిలి తాను పోయాల్సిందే.

మొదటి గుమ్మం ముందు గురువు నిలబడగానే పెద్దకోడలు బియ్యం తెచ్చింది. ఆమె వెనకే రెండో కోడలు, ఆ తర్వాత చంకలో పిల్లతో మూడో ఆమె. కామేశుడు జోలె మడవబోతుంటే, "ఆగు సామీ, నేనూ ఉండా!" అంటూ కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలు మగ్గం పక్కనుంచి ఒదిగి ఒదిగి బయటికొచ్చింది.

"నీ పొయ్యి ఎక్కడమ్మా?" అన్నారు గురువు.

"మగ్గం గుంట పక్కనే సామీ. ఆ చోటు పగలు మగ్గానిది, రాత్రి మాది." పకపకా నవ్వింది. "బంజరులో రవ్వంత జాగా దొరికితే గోడలు తానే పెట్టుకుంటానంటాండాడు మా ఇంటాయన. మొన్న ఈ సామే వచ్చి, ఇల్లు మీదేనా అని మా మామనడిగె. మామదే గదా, ఔననె."

కామేశుడికి తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా తన మాట ఇంకా ఓబన్న చెవిన పడనందుకు ప్రాణం లేచివచ్చింది. బరువెక్కిన జోలెతో పక్కింటి వైపు అడుగు వేయబోయాడు.

గురువు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇక చాల్లే నాయనా. ఒక్క గుమ్మంలోనే జోలె నిండింది. ఓబన్నకు ఆ మాట చెప్పు."