మాంత్రికుడి మొహం మీద ఉలిగాటు

అనగనగా, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఒక రాజుండేవాడర్రా. ఆయనకు ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు గొంకరాజు. అతనికి పొరుగు రాజు కూతురు రత్నాంగినిచ్చి పెళ్లి చేద్దామనుకుంటుండగా, ఏడు సముద్రాల అవతలి రోమక దేశపు మాంత్రికుడొకడు ఆ పిల్లను ఎత్తుకుపోయాడు. ఎత్తుకుపోయి, బంగారు నాణెం మీద రెక్కల బొమ్మగా మార్చేశాడు.

ఆమెను తెస్తామని అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు ఓడెక్కారు. పెద్దవాడు మూడో సముద్రంలో, నడిమివాడు ఐదో సముద్రంలో కడుపులో తిప్పి వెనక్కి వచ్చేశారు. గొంకరాజుకూ తిప్పింది. అయినా రత్నాంగిని తలుచుకుని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఏడు సముద్రాలూ దాటేశాడు.

మాంత్రికుడి వాకిట్లో పంజరం, పంజరంలో చిలుక. గొంకరాజు దాని మెడ పట్టుకోబోయాడు.

"ఆగవయ్యా బాబూ!" అని చిలుక లబోదిబోమంది. "వచ్చిన ప్రతివాడూ నా పీకే పట్టుకుంటాడు! వాడి ప్రాణం నాలో లేదు. ఆ అమ్మాయి ఉన్న నాణేనికే రెండోవైపు, వాడి మొహం బొమ్మలో ఉంది."

ఇంతలో మాంత్రికుడు నవ్వుకుంటూ వచ్చి మూడు నాణేలు పరిచాడు. మూడింటికీ ఒకవైపు ఆకుల దండ చుట్టుకున్న వాడి తల, మరోవైపు రెక్కల అమ్మాయి.

"నీ పిల్ల ఎందులో ఉందో తేల్చుకో. తప్పావా, నువ్వూ బొమ్మవైపోతావు" అన్నాడు.

గొంకరాజు మూడింటినీ తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు తన ఊరి కంసాలులు గుర్తొచ్చారు. పరదేశపు నాణెం చేతికొస్తే, లోపల కూడా బంగారమేనా అని బొమ్మ మొహం మీద ఉలితో గాటు పెట్టి చూడనిదే వాళ్లు పుచ్చుకోరు.

"మా ఊరి పద్ధతిలో చూసి తేల్చుకుంటానయ్యా" అన్నాడు. ఆ పద్ధతేమిటో మాంత్రికుడికి తెలియదు. "చూసుకో, చూసుకో" అన్నాడు.

గొంకరాజు ఓడ వడ్రంగి దగ్గర ఉలి అడిగి తెచ్చాడు. మొదటి నాణెం మొహం మీద టక్కున గాటు పెట్టాడు. మాంత్రికుడు ఆవులించాడు. రెండోదాని మీద టక్కున పెట్టాడు. మాంత్రికుడు గోళ్లు చూసుకున్నాడు. మూడోదాని మీద ఉలి ఆనించాడో లేదో, "ఒరేయ్, మొహం! నా మొహం!" అని మాంత్రికుడు గావుకేక పెట్టాడు.

"అయితే ముందు ఆమెను వదులు."

మాంత్రికుడు గజగజలాడుతూ వదిలాడు. రత్నాంగి రెక్కలతో సహా నిలువెత్తున వచ్చి ఎదుట నిలబడింది. సంతోషం పట్టలేక గొంకరాజుకు కళ్లనీళ్లు తిరిగాయి. అదే అదనని మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. రత్నాంగి చటుక్కున ఉలి లాక్కుంది.

"మూడేళ్లు వీడి వీపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఈ గాటు నాది!" అని నాణెం మీది వాడి మొహానికి ఒక్కటి వేసింది. మాంత్రికుడు పొడిపొడిగా రాలిపోయాడు.

చిలుకను కూడా ఎక్కించుకుని ఓడ తిరిగొచ్చింది. పెళ్లి అయిదు రోజులు జరిగింది. గొంకరాజు పట్టానికొచ్చాక సొంత నాణేలు వేయించబోతూ, "ఒకవైపు నేను, మరోవైపు నువ్వు" అన్నాడు.

"మళ్లీ వీపుకు వీపేనా? నా వల్ల కాదు బాబూ!" అంది రాణి.

సరేనని ఇద్దరి బొమ్మలూ ఒకేవైపు, ఎదురెదురుగా వేయించాడు. అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అరవై ఏళ్లు హాయిగా ఏలారు.