ఉలిమెట్ట అమ్మవారి ఎడమచెయ్యి

ఉలిమెట్ట పెద్ద క్షేత్రమేమీ కాదు. బస్సు దిగి మిరపచేల గట్లవెంట మైలు దూరం నడిస్తే నల్లరాతి గుట్ట, నూట ఆరు మెట్లు, పైన వాగేశ్వరి అమ్మవారు. అమ్మ కుడిచేతి గోళ్లమీద నెలవంకలు సైతం స్పష్టంగా కనిపిస్తాయి. ఎడమచేతి వేళ్లు మాత్రం చేమదుంపల్లా మొరటుగా ఉంటాయి. విరిగితే ఎవరో అతికించారని కొత్తవారు అనుకుంటారు. అతికించింది కాదు. ఆ చెయ్యి కథ వినకుండా గుట్ట దిగవద్దని యాత్రికులకు మనవి.

పూర్వం ఇక్కడ రుద్రోజు అనే స్థపతి శిల్పశాల నడిపేవాడు. పన్నెండుమంది శిష్యులు. ఒక్కొక్కరి చుట్టూ తాటాకు తడికలు కట్టించి, పక్కవాడి పని చూడరాదని, తన పని చూపరాదని కట్టడి చేశాడు. పోటీ లేనిదే చెయ్యి పదునెక్కదని ఆయన నమ్మకం. మూడేళ్లకోసారి అందరూ ఒకే దేవత మూర్తిని ఎవరికివారు చెక్కాలి. మేలైనది గుడికెక్కుతుంది. అందరికన్నా వెనకబడినవాడు తన ఉలులను వాగులో వేసి ఇంటికి పోవాలి, బతికినంతకాలం మళ్లీ రాయి ముట్టరాదు. నేర్పవలసినవాడే తరిమేయడం ఏం న్యాయమని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఈ రోజుల్లో మాత్రం ఎందరు అడుగుతున్నారు?

ఆ ఏడు వాగేశ్వరి మూర్తిని చెక్కమన్నారు. ఉగాది గడువు. శిష్యులందరిలో మొనగాడైన సింగోజు, ఇంకా పన్నెండు రోజులుండగానే ఎడమచెయ్యి తప్ప అంతా ముగించాడు. పక్క తడిక వెనుక బైరోజు పనిచేసేవాడు. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ మూడు, ఆపైన అక్కర్లేని పెచ్చు ఊడిపడిన చప్పుడు. బైరోజు ఉలిని నిలువుగా పడుతున్నాడని సింగోజు చూడకుండానే పోల్చుకున్నాడు. వాలుగా పట్టరా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. మూడేళ్లుగా ఆ చప్పుడు వింటూ తానూ చెప్పలేదు.

ఆ రోజు బైరోజు బొమ్మకు వేలు విరిగింది. సుత్తి ఆగింది. కాసేపటికి ఉలులను గుడ్డలో చుడుతున్న అలికిడైంది. సింగోజుకు తనమీద తనకే ఒళ్లు మండింది. తడిక పక్కకు లాగాడు.

"ఏరా, అప్పుడే మూట కడుతున్నావా?"

"వాగుదాకా నేనే మోసుకుపోవాలిగా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నా."

"ఆ ఉలి ఇటు తే. బొమ్మ చెక్కుతున్నావా, బావి తవ్వుతున్నావా?"

ఆనాటినుంచి సింగోజు తన రాయి ముఖం చూడలేదు. బైరోజు మణికట్టు పట్టుకుని వాలు నేర్పాడు. విరిగిన వేలును ముడిచిన వేలుగా ఎలా మలచాలో చూపించాడు. బైరోజు బొమ్మమీద మాత్రం తన ఉలి పెట్టలేదు. మిగిలిన పదిమందీ వీడికి పిచ్చెక్కిందని నవ్వుకుని, తమ తడికల సందులకు బంకమట్టి మెత్తుకున్నారు.

ఉగాదినాడు రుద్రోజు తడికలు తీయించాడు. బైరోజు మూర్తి ముక్కు కాస్త చప్పిడిగా ఉన్నా, పూర్తయింది. సింగోజు మూర్తికి ఎడమ మోచేతి కింద వట్టి రాతి దిమ్మ. అసంపూర్ణమైనది అన్నింటికన్నా కడపటిదని, ఉలులు వాగులో వేయమని ఆచార్యుడు తీర్పు చెప్పాడు.

"వేస్తాను ఆచార్యా," అన్నాడు సింగోజు. "వీడి ఉలి తప్పు మూడేళ్లు నా చెవికి వినిపించింది. మీ చెవికి వినిపించలేదా? వినిపించీ ఊరుకున్నారంటే, వాగులో వేయాల్సింది ఎవరి ఉలి?"

రుద్రోజు విసురుగా ఇంటిదారి పట్టాడు. ఇంతలో బైరోజు, సింగోజు మూటలోంచి ఒక ఉలి లాక్కుని, ఆ రాతి దిమ్మ ముందు కూర్చున్నాడు. గడువు దాటిందని ఎవరో అరిచారు. దాటింది సింగోజుకేగాని తనకు కాదని, తాను తీర్పులో నిలిచినవాడినని, తనింకా రాయి ముట్టవచ్చని బదులిచ్చి చెక్కడం మొదలుపెట్టాడు. చేతిలో ఉలి లేని సింగోజు పక్కన చతికిలబడి, వాలు తప్పినప్పుడల్లా తిట్టాడు.

మండిపడుతూ ఇంటికి పోయిన రుద్రోజుకు మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించింది. "చదువునిచ్చే నన్ను తడికల వెనుక దాస్తావా? ఒకడు ఓడితేగాని మరొకడు నెగ్గని గుడి నాకొద్దు. ఇద్దరు కలిసి పనిచేస్తున్న రాతిలోకి వచ్చేశాను. ఆ చేతిని నునుపు చేయకు," అని కసిరింది.

ఆయన లేచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అయిదు వేళ్లూ బయటపడ్డాయి. తన ఉలి తీసుకుని వాగువైపు నడిచాడు. సింగోజు అడ్డం వెళ్లాడు.

"అది వాగులో పడితే మిగతా పదిమందికీ ఎవరు నేర్పుతారు?" అన్నాడట, కోపం దిగకుండానే.

తడికలు ఆ సాయంత్రమే పొయ్యిలోకి పోయాయి. ఆ మూర్తే గుడికెక్కింది. నాటినుంచి ఈ గుడిలో నైవేద్యం వేళ కూడా తెర వేయరు.

పరీక్షల కాలంలో పిల్లలతో వచ్చే పెద్దలు ఒకటి గమనించాలి. మావాడికే ఫస్టు ర్యాంకు రావాలని అర్చన కోరితే అర్చకులు పళ్లెం వెనక్కి ఇచ్చేస్తారు. ఇక్కడ చదువులో వెనకబడిన తోటి విద్యార్థి పేరు చెప్పాలి. గోత్రం అడగరు, ఏ పాఠం రాదో అడుగుతారు. ఆ పాఠం నేర్పి, ఇద్దరూ కలిసి మళ్లీ మెట్లెక్కాలి. అలా ఎక్కిన ఇద్దరికీ విద్య నిలుస్తుందని పెద్దల మాట.

కిందటి మాఘమాసంలో ఒక పెద్దమనిషి, పోటీకొచ్చేవాడి పేరు మేమెందుకు చెప్పాలని గర్భగుడి ముందే తగువుపడ్డాడు. ఆయన కొడుకు తలవంచుకుని, "మస్తాన్, భిన్నాలు," అన్నాడు. అర్చన ఆ పేరునే జరిగింది. తండ్రి ప్రసాదం ముట్టకుండా మెట్లు దిగిపోయాడు. కొడుకు రెండు పొట్లాలు అడిగి తీసుకున్నాడు.